అయిదింటి ఆకలి

సాయంత్రం పూట ఏం తింటావని డాక్టరమ్మ అడిగినప్పుడు కృపారాణి ఏమీ దాచలేదు. నాలుగైదు మిరపకాయ బజ్జీలు, ఒక ప్లేటు పునుగులు, ఆ పైన పంచదార దండిగా వేసిన టీ అని చెప్పింది. రోజూనా అని డాక్టరమ్మ అడిగింది. రోజూనే, ఆదివారమైతే అరటికాయ బజ్జీ కూడా ఉంటుంది అంది కృపారాణి.

డాక్టరమ్మ నవ్వలేదు. రిపోర్టులు ముందుకు జరిపి, షుగరు గీత మీద ఉందని, బీపీ గీత దాటిందని, ఉండవలసిన దానికంటే ఒంటి బరువు చాలా ఎక్కువుందని చెప్పింది. వానలు తగ్గాక రైల్వేవాళ్ళు చేసే పెద్ద మెడికల్ పరీక్ష ఉంది. అప్పటికి ఇవన్నీ దారికి రాకపోతే లైను మీద పనికి పంపరు. ఇది కృపారాణికీ తెలుసు. ఏం చేయాలో చెప్పమంది. మధ్యాహ్నం ఒక కటోరీ, అంటే చిన్న గిన్నెడు అన్నం చాలని, సాయంత్రం మాత్రం ఏమీ తినకూడదని డాక్టరమ్మ కాగితం మీద రాసి ఇచ్చింది. ఆకలేస్తే నీళ్ళు తాగమంది.

కృపారాణి రైల్వేలో పాయింట్స్‌మన్. ఆడమనిషి చేసినా ఆ ఉద్యోగానికి అదే పేరు. బైలాడిల్లా కొండల మీది గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకుని విశాఖపట్నం దిగే గూడ్సు బళ్ళు ఆమె పనిచేసే స్టేషన్లో ఆగి సాగుతాయి. వ్యాగన్ల మధ్యకు దూరి వాటిని కలిపే కప్లింగు వేయడం, విప్పడం, నిలబెట్టిన బండి జారిపోకుండా గొలుసులు బిగించడం, జెండాలు పట్టుకుని బండి పొడవునా నడిచి చూసుకోవడం ఆమె పని. ఆమె తండ్రి జానీ కూడా ఇదే లైను మీద ఇదే పని చేశాడు. ఆయన జబ్బుచేసి పోయాక ఉద్యోగం కూతురికి వచ్చింది. మొదటిరోజు మగవాళ్ళంతా చుట్టూ నిలబడి, ఆ కప్లింగు ఎత్తడం ఆడపిల్ల వల్ల అయ్యే పని కాదన్నారు. ఆమె ఎత్తి కొక్కేనికి తగిలించి, చేతులు దులుపుకుని, తర్వాతి వ్యాగను ఏదని అడిగింది. ఆ మాట ఇప్పటికీ స్టేషన్లో చెప్పుకుంటారు.

రిపోర్టుల సంగతి తెలిసిన స్టేషన్ సూపరింటెండెంటు గవర్రాజు మంచిమాటే చెప్పాడు. శ్రీకాకుళం వైపు మనిషి, ఆమెను సొంత చెల్లెలిలా చూసేవాడు. ఆఫీసులో కాగితాలు చూసే సీటు ఖాళీ అవబోతోందని, నీడపట్టున ఫ్యాను కింద కూర్చోవచ్చని, తానే పైకి రాస్తానని అన్నాడు. ఈ వయసులో ఒళ్ళు తగ్గించడం అయ్యే పని కాదని కూడా అన్నాడు. సీటు మాట వరకూ ఆమె తల వంచుకుని వింది. అయ్యే పని కాదన్న మాట దగ్గర తల ఎత్తింది.

“సార్, నాను కూకోడానికి ఈ ఉద్యోగంలోకి రానేదు. మెడికల్ అవనివ్వండి, అప్పుడు మాటాడుకుందాం,” అంది.

చెప్పడం తేలికే. అసలు చిక్కు స్టేషన్ గేటు బయట ఉంది. అక్కడ తోపుడు బండి మీద బజ్జీలు వేసేది ఆమె భర్తే.

యేసుపాదం ఒకప్పుడు లారీ డ్రైవరు. నడుం దెబ్బతిని స్టీరింగు వదిలాక ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషిని, బండి పెట్టమని ప్రోత్సహించింది కృపారాణే. బొబ్బిలిలో వాళ్ళమ్మ వేసే బజ్జీల రుచి అతని చేతిలో ఉంది. గనుల కంపెనీ బస్సు దిగే షిఫ్టు మనుషులు, పాసింజరు కోసం వచ్చే వాళ్ళు, సంత నుంచి తిరిగి వెళ్ళే గోండు ఆడవాళ్ళు, అందరూ సాయంత్రానికి ఆ బండి చుట్టూ చేరతారు. కాని మొదటి వాయి ఎప్పుడూ కృపారాణిదే. పొగకీ ఘాటుకీ తన నాలుక మొద్దుబారిందని, ఉప్పూ కారమూ ఆమే చూడాలని యేసుపాదం అనేవాడు. ఆమె డ్యూటీలో ఉంటే, తోటి పాయింట్స్‌మన్ హుంగా చేత ప్లేటు లోపలికి పంపేవాడు. ఆమె తిని బాగుందన్నాకే రెండో వాయి నూనెలో పడేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెకు ప్రేమ మాటలు చెప్పిన గుర్తు లేదు. ఆ ప్లేటే అతని మాట.

ఆ రోజు ఆమె బండి దగ్గరికి వచ్చి, డాక్టరమ్మ చెప్పింది చెప్పి, ప్లేటు వద్దంది. యేసుపాదం చేతిలో ప్లేటు అలాగే ఉండిపోయింది. ఒక్కటి తింటే ఏమవుతుందన్నాడు. వద్దంది. ఉప్పు ఎవరు చూస్తారన్నాడు. నువ్వే చూసుకో అంది. అతను ఆ ప్లేటును పక్కన నిలబడ్డ ఎవరికో ఇచ్చేశాడు. ఆ సాయంత్రం పునుగుల్లో ఉప్పు ఎక్కువైందని ఇద్దరు ముగ్గురు అన్నారు. యేసుపాదం ఇంటికి వచ్చాక కూడా మాట్లాడలేదు.

నాలుగు రోజులు గడిచేసరికి మాటలు మొదలయ్యాయి. బండివాడి పెళ్ళామే బండి మీద తినడం మానేసిందంటే ఆ నూనెలో ఏముందో అని ఎవరో అన్నారట. పక్క క్వార్టరులో ఉండే పోలమ్మ ఆ మాటను కృపారాణికి మోసుకొచ్చింది. పోలమ్మ చెడ్డది కాదు. విన్న మాటను కడుపులో దాచుకోలేని మనిషి, అంతే.

కృపారాణి నీళ్ళు తాగింది. అయిదింటికి ఒక సీసా, ఆరింటికి ఇంకో సీసా. మధ్యాహ్నం కటోరీ అన్నంతో సరిపెట్టిన కడుపు నాలుగింటి నుంచే మండేది. గాలి గేటు వైపు నుంచి వీస్తే శనగపిండి వాసన ప్లాట్‌ఫారం చివరిదాకా వచ్చేది. నోరు ఊరేది, ఆ వెంటే కోపం వచ్చేది. హుంగా ఏదో అడిగితే కసిరింది. ఒకరోజు లోడు బండి వెంట నడుస్తుంటే కళ్ళు తిరిగి, వ్యాగను నిచ్చెన పట్టుకుని నిలబడిపోయింది. ఇంటికి వెళ్ళాక మాత్రం కుండలో ఉన్న అన్నమంతా తినేసేది. తిన్నాక తన మీద తనకే అసహ్యం వేసేది. తెల్లారి మళ్ళీ కాగితం చూసుకుని నీళ్ళ సీసా నింపుకునేది.

చివరికి ఒక సెలవు రోజున కూరగాయలకని దగ్గర్లో ఉన్న బచేలి బజారుకు వెళ్ళింది. ఒక హోటలు ముందు కడాయిలో సమోసాలు వేగుతున్నాయి. ఆమె కాళ్ళు ఆమెను అడక్కుండానే లోపలికి వెళ్ళాయి. గోడ వైపు తిరిగి మూల బల్ల మీద కూర్చుంది. ఒక ప్లేటు తింది, ఇంకో ప్లేటు చెప్పింది. నోటి నిండా ఉన్నప్పుడు వెనక నుంచి, వదినా, నువ్వా అన్న మాట వినిపించింది. పోలమ్మ.

పోలమ్మ ఆ సంగతిని ఇంటిదాకా కూడా ఆపుకోలేదు. ఆ సాయంత్రమే బండి దగ్గర నలుగురూ ఉండగా, మా వదినకి ఇప్పుడు సమోసాల మీదికి మనసు మళ్ళిందన్నా అని యేసుపాదంతో నవ్వుతూ చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. యేసుపాదం మంట తగ్గించి, మిగిలిన పిండిని మూతపెట్టి, పాసింజరు రాకముందే బండి కట్టేశాడు. అది అతను ఎన్నడూ చేయని పని.

ఇంటికి వచ్చేసరికి కృపారాణి గుమ్మంలో కూరగాయలు వేరు చేస్తోంది. అతను ఎదురుగా నిలబడ్డాడు.

“నా సేతి తిండి విషమా, ఆడి సమోసా మందా?” అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. కాని పొద్దున్నుంచీ నిలబడ్డ నడుం నొప్పి కంటే పెద్ద నొప్పి ఏదో ఆ ముఖంలో ఉంది.

కృపారాణికి మొదట తల దించుకోవాలనిపించింది. సంజాయిషీ నోటిదాకా వచ్చింది. అంతలో ఆ మూల బల్ల, గోడ వైపు తిరిగి గబగబా నమిలిన తన దవడలు గుర్తుకొచ్చాయి. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట భర్త మీద కాదు, పోలమ్మ మీద కూడా కాదు. చేతిలోని వంకాయను బుట్టలో పడేసి లేచి నిలబడింది.

“తప్పు సేసినాను. తిన్నందుకు కాదు, దాక్కుని తిన్నందుకు. మా నాయన పోయినప్పుడు ఇంట్లో గింజ నేకపోతే కూడా నాను దొంగతిండి తిన్నేదు. తినడం నేరమనీసరికి దొంగనైపోనాను. ఇంక అలాగ కాదు. ఇకమీదట అయిదింటికి నీ బండి పక్కనే కూకుని, అందరూ సూస్తుండగా తింతాను. ఏటి తినాలో, ఎంత తినాలో నాను సూసుకుంతాను. డాక్టరమ్మ సెప్పక్కర్నేదు, నువ్వూ సెప్పక్కర్నేదు.”

అయితే బజ్జీలు తింటావా అని అతను అడిగాడు. తినాలనుకున్న రోజు అడిగి తీసుకుంటానంది. అతనికి ఆ జవాబు నచ్చలేదు. లోపలికి వెళ్ళి మంచం మీద వాలిపోయాడు.

తినేది ఏదన్నది ఆమెకు అప్పటికి తెలియదు. పగలంతా పనిలో ఉండి ఆలోచించింది. ఆలోచించినకొద్దీ ఆ ఆకలి అయిదింటికి పుట్టేది కాదనిపించింది. పుట్టేది మధ్యాహ్నమే. పాతరోజుల్లో కూడా, సాయంత్రం బజ్జీలున్నాయి కదా అని క్యారేజీలో అన్నం తక్కువే తెచ్చుకునేది. ఇప్పుడు కటోరీకి దించింది. ఖాళీ కడుపుతో బరువులెత్తి, ఎండలో నడిచి, అయిదింటికి నూనె వాసన ముందు నిలబడి నీళ్ళు తాగితే ఎవరి నోరు ఆగుతుంది?

ఆ మధ్యాహ్నం రావలసిన గూడ్సు ఆలస్యమైంది. చెట్టు కింద కూర్చున్నప్పుడు హుంగా తన సీసాలోంచి మండియా పేజ్ వంచి ఆమెకు ఇచ్చాడు. అతని ఊళ్ళో ఎండాకాలమంతా అదే తాగుతారు. ఒక గుక్క తాగగానే కృపారాణికి తెలిసిపోయింది, అది రాగులతో కాచే చోడి అంబలే. చిన్నప్పుడు విజయనగరం దగ్గర అమ్మమ్మ ఊళ్ళో మట్టిముంతతో తాగినదే. ఈ కొండల్లో దాని పేరు మారిందంతే. ఇంకొంచెం పోయమంది. అది తన మధ్యాహ్నపు కూడని హుంగా హిందీలో గొణిగి, పోశాడు. ఆ సాయంత్రం గేటు దాటుతుంటే బజ్జీల వాసన వచ్చింది, నోరు ఊరింది కూడా. కాని కడుపు మండలేదు. నడిచి వెళ్ళిపోగలిగింది.

మర్నాటి నుంచి ఆమె క్యారేజీ మారింది. అన్నం కటోరీకంటే ఎక్కువే పెట్టుకుంది, దానికి మించి కూర పెట్టుకుంది. ఎండ తిరిగే వేళకు తాగడానికి పలచగా అంబలి చేసుకుంది. ముందురాత్రి నానబెట్టిన బొబ్బర్లు ఉడికించి ఒక గిన్నెలో వేరే సర్దుకుంది. అయిదింటికి ప్లాస్టిక్ స్టూలు ఒకటి తెచ్చి బండి పక్కన వేసుకుని కూర్చుంది. భర్త తరిగి పెట్టుకున్న ఉల్లిపాయల్లో గుప్పెడు, కొత్తిమీర కొంచెం, నిమ్మచెక్క ఒకటి తీసుకుని గుగ్గిళ్ళలో కలుపుకుంది. యేసుపాదం ఉల్లిపాయల గిన్నె అవతలికి జరిపాడు. ఆమె చెయ్యి చాచి మళ్ళీ ఇవతలికి జరుపుకుంది.

మొదటివారం జనం ఆమెను బజ్జీలకంటే ఎక్కువ చూశారు. కంపెనీ బస్సు దిగిన కుర్రాళ్ళు, భజియా బండి పక్కన చనా తింటూ కూర్చుంటే దుకాణం బందయిపోతుంది మేడమ్ అన్నారు. మీరు తింటున్నంతకాలం ఎందుకు బందవుతుంది, తినండి అని ఆమె హిందీలోనే జవాబిచ్చింది. నూనెలో ఏదో ఉందన్న మాట అన్నవాడు కూడా వచ్చాడు. కృపారాణి అతన్ని పేరు పెట్టి పిలిచి, భర్త చేతిలోంచి ఒక పునుగు తీసుకుని రెండుగా తుంచి, సగం తాను తిని, సగం అతని చేతిలో పెట్టింది. ఉప్పు సరిపోయిందంది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు. సగం పునుగుతో ఉప్పు చూడడం మాత్రం ఆ రోజు నుంచి ఆమె మానలేదు. యేసుపాదం పెదవి విప్పకపోయినా, ఆమె బాగుందనేవరకూ రెండో వాయి వేయడం మానేశాడు.

పోలమ్మ ఒకరోజు వచ్చి, సమోసాల సంగతి చెప్పినందుకు కోపమా అని అడిగింది. లేదంది కృపారాణి. నువ్వు చెప్పకపోతే ఇప్పటికీ గోడ వైపు తిరిగే తింటూ ఉండేదాన్నంది. పోలమ్మకు ఆ మాటలో మెచ్చుకోలు ఉందో దెప్పు ఉందో అర్థం కాకుండానే వెళ్ళిపోయింది.

రోజులన్నీ ఒక్కలా జరగలేదు. వానలు పట్టాక కష్టం పెరిగింది. కొండ మీద నుంచి మబ్బు దిగి, స్టేషనంతా బూడిదరంగు అయిపోయి, రేకు మీద చినుకులు మోగుతుంటే, పక్కనే సలసల కాగే నూనెలో మిరపకాయ బజ్జీ తేలడం చూస్తూ చల్లారిన బొబ్బర్లు నమలడం ఎవరికైనా శిక్షే. మూడు రోజులు ముసురు పట్టింది. రెండు రోజులు ఆమె తన గిన్నెతో నెట్టుకొచ్చింది. మూడోరోజు గిన్నె మూత పెట్టేసి, బజ్జీలు ఇమ్మని అడిగింది.

యేసుపాదం ముఖం వెలిగింది. ఉల్లిపాయలు కూరి, నిమ్మరసం పిండి, పాతరోజుల్లోలాగే ప్లేటు నిండా పెట్టి ఇచ్చాడు. ఆమె అందులోంచి రెండు తీసుకుని మిగతావి తిరిగి అతని ముందు పెట్టింది. గొడుగు కింద నిలబడ్డ పోలమ్మకు ఇది పండగలా ఉంది.

“అయిపోనాదేటి వదినా, నీ డైటింగు?”

“అవనేదు. ఈయేళ వాన పడతంది, నాకు తినాలనుంది, రెండు తింతన్నాను. రేపు మళ్ళీ గుగ్గిళ్ళే. నువ్వు కావాలంటే ఎవరికైనా సెప్పుకో, నాను గోడ కాసి తిరగనేదు.”

ఆ రెండు బజ్జీలూ ఆమె నింపాదిగా తింది. కారానికి ముక్కు కారింది, తుడుచుకుంది. పాత రోజుల్లో అయిదో బజ్జీ దగ్గర కూడా ఇంత రుచి తెలిసేది కాదు. తిన్నాక బాధ కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు. ఇంటికి వెళ్ళి రోజూ తినేంతే తిని పడుకుంది. మర్నాడు వాన అలాగే ఉంది, ఆమె గిన్నె తెచ్చుకుంది.

ఆ వానల్లోనే ఒక సాయంత్రం ఖాళీ గూడ్సు ఒకటి ఆలస్యంగా వచ్చి, దాన్ని పక్క లైన్లో నిలబెట్టి గొలుసులు బిగించేసరికి అయిదు ఎప్పుడో దాటిపోయింది. తడిసిన రెయిన్‌కోటుతో బజ్జీల బండి దగ్గరికి వచ్చిన కృపారాణికి, తన స్టూలు మీద మూతపెట్టిన గిన్నె కనిపించింది. పొద్దున ఆమె అక్కడ వదిలి వెళ్ళిన గుగ్గిళ్ళే. ఉల్లిపాయ సన్నగా తరిగి ఉంది, పచ్చిమిర్చి గింజలు తీసి ఉంది, నిమ్మరసం కలిపి ఉంది. యేసుపాదం వెనక్కి తిరిగి పిండి కలుపుతున్నాడు. ఆమె ఒక పిడికెడు నోట్లో వేసుకుంది. ఉప్పు ఎక్కువైందని చెప్పింది.

“సూడ్డానికి నువ్వు నేవు కదా,” అన్నాడు అతను, తిరగకుండానే.

ఆమె స్టూలు మీద కూర్చుంది. గిన్నె అడుగుదాకా తింది. ఆ రాత్రి భోజనాల దగ్గర అతను చాలారోజుల తర్వాత ఏదో లారీ రోజుల సంగతి ఎత్తుకుని చెప్పాడు, ఆమె అన్నం కలుపుతూ వింది.

మెడికల్‌కు ముందు డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. బరువు మిషను మీద ముల్లు అంతకుముందు కంటే బాగా ఇవతల ఆగింది. షుగరు గీత కిందికి దిగింది, బీపీ కూడా మాట విన్నది. డాక్టరమ్మ సంతోషించి, సాయంత్రం తిండి మానేస్తే ఎంత తేడా ఉంటుందో చూశావా అంది. కృపారాణి అవునని ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆమెకు ఊరుకోవాలనిపించలేదు. సాయంత్రం తింటున్నానని చెప్పింది. నీళ్ళు తాగినన్నాళ్ళూ ఏం జరిగిందో, సమోసాలతో సహా చెప్పింది. ఆ తర్వాత మధ్యాహ్నం ఏం పెంచిందో, సాయంత్రం ఏం తింటోందో చెప్పింది. వాన రోజున తిన్న రెండు బజ్జీలు కూడా వదల్లేదు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నువ్వు బండి పొడవునా ఎన్నిసార్లు నడుస్తావో, బరువులు ఎత్తుతావో నేను ఆ రోజు అడగలేదు, అడిగి ఉండాల్సింది అంది. తర్వాత, బజ్జీలు వారానికి ఒకసారి దాటకూడదని గట్టిగానే చెప్పింది. దాటితే వచ్చి చెబుతానంది కృపారాణి. ఇద్దరూ నవ్వారు.

పెద్ద మెడికల్ విశాఖపట్నంలో అయింది. కళ్ళు, చెవులు, రక్తం, గుండె, ఒక్కో గది ముందు ఒక్కో వరస. ఆ వరసల్లో కూర్చున్న మగవాళ్ళు చాలామంది తన వయసువాళ్ళే, చాలామంది పొట్టలు తనకంటే పెద్దవే. లైను మీద పనికి పనికొస్తుందని కాగితం మీద ముద్ర పడింది. ఇంకా బరువు తగ్గాలని కూడా కింద రాశారు. ఆమెకు అందులో కొత్త ఏమీ కనిపించలేదు. తగ్గుతుంది, తొందరేమీ లేదు.

తిరుగు ప్రయాణం పాసింజరులో. అరకు దాటాక సొరంగాల్లోంచి బయటపడ్డ ప్రతిసారీ కిటికీలోకి చల్లగాలి కొట్టింది. పొద్దున అత్తవారి బంధువుల ఇంట్లో పెట్టిన ఇడ్లీలే ఆ రోజు తిండి. వెంట తెచ్చుకున్న వేరుశనగలు జగదల్‌పూర్ రాకముందే అయిపోయాయి. దారిలో ప్రతి స్టేషన్లో ఎవరో ఒకరు వడలూ సమోసాలూ కిటికీ దగ్గరికి తెచ్చారు. ప్రతిసారీ చెయ్యి సంచీ వైపు వెళ్ళింది. తినకూడదని కాదు, ఇవి వద్దు, దిగాక నాకు నచ్చినట్టు కలుపుకుని తింటాను అనుకుని ఆ చేతిని వెనక్కి తీసుకుంది. దంతేవాడ దాటాక ఆకలి మరీ ఎక్కువైంది. దాన్ని తిట్టుకోలేదు, తనతోపాటే తీసుకొచ్చింది.

ఆమె రైలు దిగి గేటు బయటికి వచ్చేసరికి బజ్జీల బండి దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. గవర్రాజు డ్యూటీ దిగి అక్కడే ఉన్నాడు, హుంగా ఉన్నాడు, పోలమ్మ సరేసరి. యేసుపాదం గరిటె పట్టుకునే తల ఎత్తి చూశాడు.

“లైను మీదే,” అంది కృపారాణి.

గవర్రాజు చెయ్యెత్తి దండం పెట్టాడు. ఆఫీసు సీటు ఇంకెవరికైనా ఇచ్చుకుంటానన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. యేసుపాదం అప్పుడే తేలిన వాయి జల్లిగరిటెతో ఎత్తి, మొత్తం ఒకే ప్లేటులో పోసి ఆమె ముందుకు చాచాడు. ఈ ఒక్కరోజుకైనా తినమని పోలమ్మ అంది. మెడికల్ అయిపోయింది కదా అని హుంగా కూడా అన్నాడు. గెలిచిన రోజు తినకపోతే ఎప్పుడు తింటావని గవర్రాజు నవ్వాడు. అందరూ ఆమె చెయ్యి వైపే చూస్తున్నారు.

ఆమె ప్లేటు వైపు చూసింది. వాసన బాగుంది. కడుపులో ఆకలి ఉంది. కాని ఇంతమంది తినమంటున్నప్పుడు, ఈ రోజు ఆమెకు అవి తినాలని లేదు.

“పండగ నాదైతే ఏటి తినాలో కూడా నాదే,” అంది. ప్లేటు తీసుకుని హుంగా చేతిలో పెట్టింది.

తర్వాత సంచీ స్టూలు మీద పెట్టి, బండికి అవతలి వైపు, భర్త నిలబడే చోటికి వెళ్ళింది. కాస్త జరగమని అతన్ని భుజంతో తోసింది. అతను ముంతమసాలా కోసం ఉంచిన మరమరాలు ఒక పెద్ద గిన్నెలోకి ఒంపింది. వేయించిన వేరుశనగలు గుప్పెడు వేసింది. ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర తరిగి వేసింది. నూనె సీసా వైపు చెయ్యి పోనివ్వలేదు. ఉప్పు, కారం చల్లి, రెండు నిమ్మచెక్కలు పిండి, అడుగు నుంచి పైకి కలిపింది. అంత జనం మధ్య, వేడి కడాయి పక్కన నిలబడి, గిన్నె చేత్తో పట్టుకుని గుప్పెడు గుప్పెడుగా తినడం మొదలుపెట్టింది. మరమరాలు కరకరలాడుతున్నాయి.

కంపెనీ బస్సు దిగిన కుర్రాడొకడు ఆ గిన్నె వైపు చూసి, అదేదో బాగున్నట్టుంది, నాకూ ఒకటి కట్టివ్వమన్నాడు. కృపారాణి ఏదో అనబోయింది. ఆమె కంటే ముందే యేసుపాదం గరిటె అడ్డం పెట్టాడు.

“అది అమ్మకానికి కాదు,” అన్నాడు. “నీకు ఏటి కావాల? బజ్జీనా, పునుగులా?”